మోగినవి, విననివి

పండగకు అటక దులిపినప్పుడల్లా చాలా ఇళ్లలో ఓ అట్టపెట్టె కిందికి దిగుతుంది. మూత తీస్తే నిండా క్యాసెట్లు. "ఇవింకా ఎందుకండీ, పారేద్దామా?" అంటుంది ఇల్లాలు. "ఉండనీవోయ్" అంటాడు ఇంటాయన. టేప్ రికార్డరు మూలపడి పదిహేనేళ్లయినా ఆ "ఉండనీ" మాత్రం మారదు. దుమ్ము తుడిచి పెట్టెను మళ్లీ అటకెక్కిస్తారు. మళ్లీ వచ్చే పండక్కి ఇదే మాట, ఇదే జవాబు.

ఈసారి దాన్ని అంత తొందరగా పైకి ఎక్కించకుండా ఒక్కో క్యాసెట్టూ తీసి చూడండి. ఓ చిత్రమైన సంగతి బయటపడుతుంది. కొన్నవాటిలో సగం సినిమా పాటలవి. వాటి అట్టలు నలిగి, అక్షరాలు అరిగి ఉంటాయి. ఎన్నిసార్లు విన్నారో ఆ అట్టలే చెబుతాయి. మిగతా సగం వేరే జాతి. సుప్రభాతం ఒకటి. భగవద్గీత ఒకటి. నాదస్వరం ఒకటి. అన్నమయ్య కీర్తనలు ఒకటో రెండో. ఇవి లేని తెలుగిల్లు అరుదు. వీటిని కూడా వందలసార్లు పెట్టి ఉంటారు. కానీ విన్నారా అంటే మాత్రం ఠక్కున జవాబు రాదు.

ఎందుకంటే వీటికి వేళలున్నాయి. సుప్రభాతం పొద్దున పూట మోగాలి. నాదస్వరం పెళ్లికి మోగాలి. గీత... అది ఎప్పుడు మోగుతుందో అందరికీ తెలుసు. వేళ దాటితే వాటిని ముట్టుకోరు. వేళకు పెట్టినప్పుడేమో ఇంటిల్లిపాదీ వేరే పనిలో ఉంటారు. అలా ముప్పై ఏళ్లు మోగి, ఒక్కసారి కూడా పూర్తిగా వినబడని పాటలు ఆ పెట్టెలో బోలెడన్ని.

గీతతోనే మొదలుపెడదాం. ఘంటసాల గొంతులో భగవద్గీత శ్లోకం వీధిలో ఎక్కడైనా వినిపించిందనుకోండి. వెంటనే పక్కింటి తలుపు తెరుచుకుంటుంది. "ఎవరు పోయారు?" అని ఆరా. శవయాత్ర వాహనాల్లో అదే, చావు ఇంటి ముందు షామియానా కింద అదే, దినకర్మల రోజున అదే. చివరికి ఆ గొంతు విన్న పిల్లలు కూడా అదేదో చావు పాట అనుకునే దాకా వచ్చింది. సాయంత్రం పూట సరదాగా ఎవరైనా పెట్టబోతే "శుభమా అని ఇంట్లో ఉంటే ఇప్పుడదెందుకురా, కట్టెయ్" అని పెద్దవాళ్లు కసురుకుంటారు. కొన్న క్యాసెట్టు, డబ్బులు పెట్టి కొన్నది, ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేని వస్తువైపోయింది!

దీని వెనక ఉన్న మనిషిని ఓసారి తలుచుకోవాలి. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్లి, అక్కడ మధూకరం ఎత్తుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చదువుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. ఆ తర్వాత మద్రాసు, సినిమాలు, మూడు దశాబ్దాలు తెలుగువాళ్ల గొంతు. చివరి రోజుల్లో ఆరోగ్యం బాగా దెబ్బతిన్న దశలో ఆయన మనసు పెట్టి చేసిన పని ఈ గీత. సినిమా కోసం కాదు. ఏ హీరో పెదవులకూ అతకాల్సిన అవసరం లేదు. ఏడువందల శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఎంచుకున్నారు. వాటికి స్వరాలూ ఆయనవే. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. రికార్డు బయటికొచ్చింది ఆ తర్వాతే. అంటే, తన గీతను జనం ఎలా వింటారో ఆయన చూడలేదు. ఏ వేళకు కేటాయిస్తారో కూడా చూడలేదు. ఒకరకంగా అదే నయం.

ఓ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ క్షేమంగా ఉండగా ఆ క్యాసెట్టు పెట్టి కూర్చుంటే ఏం వినిపిస్తుంది? మొదట వినిపించేది గొంతులోని మార్పు. ఇది 1950ల నాటి ఘంటసాల కాదు. ఆ పాత పాటల్లోని నిగనిగ ఇందులో ఉండదు. బరువెక్కిన గొంతు. కాస్త అలసట కూడా తెలుస్తుంది. అయితే ఆ బరువే ఇక్కడ అర్జునుడి దిగులుకు సరిగ్గా సరిపోయింది. రెండోది, రాగాలు. ఘట్టం మారితే రాగం మారుతుంది. అర్జునుడు కుంగిపోయినచోట ఒకటి, కృష్ణుడు బుజ్జగించేచోట ఒకటి, విశ్వరూపం దగ్గర ఇంకొకటి. షామియానా కింద మైకులోంచి విన్నప్పుడు ఇదంతా ఒకే ఏడుపుగొట్టు రాగంలా అనిపిస్తుంది గానీ, నిజానికి అక్కడ పెద్ద కచేరీకి సరిపడా వైవిధ్యం ఉంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. శ్లోకం పాడాక ఆయన తెలుగులో అర్థం చెబుతారు. పాడటం ఆపి మాట్లాడతారు. ఆ మాట తీరు చూడండి. ఉపన్యాసం కాదు. పురాణం చెప్పే శైలీ కాదు. ఎదురుగా కూర్చున్నవాడికి నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి చెబుతున్నట్టుంటుంది. ఘంటసాల పాట కోట్లమందికి తెలుసు. ఘంటసాల మాట్లాడితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

అసలు కథను బట్టి చూసినా ఇదేం చావు పుస్తకం కాదు. చేయాల్సిన పని చేయనని కూలబడ్డ ఒక బతికున్న మనిషికి, లేచి నీ పని చూడమని చెప్పిన మాటలవి. విన్నవాడు లేచాడు, విల్లు తీసుకున్నాడు. తెలుగిళ్లలో మాత్రం లేవనివాళ్లకే వినిపిస్తున్నారు!

అయితే ఒక్క మాట. నాన్న పోయిన రోజున, అమ్మ పోయిన రోజున రోజంతా ఆ గొంతు విన్నవాళ్లుంటారు. వాళ్లకు మొదటి శ్లోకం వినగానే ఆ ముంగిలే కళ్లముందు కదులుతుంది. రాగం గురించీ గొంతు గురించీ వాళ్లకు చెప్పబోవడం మొరటుతనం. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఆ క్యాసెట్టును వాళ్లంతట వాళ్లు అడిగేదాకా పక్కన పెట్టడమే మర్యాద. మిగిలినవాళ్లకు మాత్రం వినకపోవడానికి కారణమేమీ లేదు.

ఇక సుప్రభాతం. దీని పరిస్థితి పూర్తిగా తలకిందులు. గీతను ఎవరూ పెట్టరు, దీన్ని రోజూ పెడతారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీగా 1963లో వచ్చింది. అప్పటినుంచి తెలుగిళ్ల పొద్దుటి చప్పుళ్లలో అదొకటి. కుళాయి నీళ్ల చప్పుడు, కుక్కర్ విజిల్, చీపురు చప్పుడు, ఎమ్మెస్. ఎవరో వంటింట్లోంచి, ఎవరో స్నానాల గదిలోంచి, ఎవరో దుప్పటి ముసుగులోంచి వింటుంటారు. ప్రపత్తి దగ్గరికొచ్చేసరికి పిల్లలు బూట్లు వెతుక్కుంటుంటారు. మంగళాశాసనం టైముకు బస్సు వచ్చేస్తుంది. అరవై ఏళ్లుగా ఇదే వరస.

కాబట్టి ఇందులో మొత్తం నాలుగు భాగాలున్నాయన్న సంగతి కూడా చాలామందికి పట్టదు. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం 70. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రాసినవి. అందులో మొట్టమొదటి శ్లోకం మాత్రం ఆయనది కాదు, వాల్మీకిది. బాలకాండలో విశ్వామిత్రుడు అడవిలో రాముణ్ని నిద్ర లేపే ఘట్టం. పసివాణ్ని లేపినట్టు రాముణ్ని లేపిన మాటతోనే తిరుమలలో దేవుణ్ని కూడా లేపుతున్నారన్నమాట.

తాత్పర్యం ఉన్న పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టుకుని వినండి. టీటీడీ చిన్న పుస్తకాలు దాదాపు ప్రతి ఇంటి పూజగదిలోనూ ఉంటాయి. మొదటి భాగంలో ఉన్నదంతా తెల్లవారుజామే. తామరలు విచ్చుకుంటున్నాయి. తుమ్మెదలు బయలుదేరాయి. గొల్లపల్లెలో పెరుగు చిలికే చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. పంజరంలోని చిలకలు కళ్లు తెరిచాయి, గిన్నెల్లో మిగిలిపోయిన అరటిపండూ పాయసమూ తిని ముద్దుముద్దుగా పలకడం మొదలెట్టాయి! రాత్రి మిగిలిన పాయసం తిన్న చిలకలు సుప్రభాతంలో ఉన్నాయని రోజూ వినేవాళ్లలో ఎందరికి తెలుసు? అచ్చం ఇంట్లో పిల్లల్లాగే ఉన్నాయవి. వంటింట్లో కవ్వం చప్పుడు, సుప్రభాతంలో కవ్వం చప్పుడు. ఇప్పుడైతే మిక్సీ అనుకోండి.

ఇంకో సంగతి. అక్కడ గొంతు ఒకటి కాదు, రెండు. ఎమ్మెస్‌తో పాటు కూతురు రాధా విశ్వనాథన్ కూడా పాడారు. ఒక గొంతు ఇంకో గొంతు నీడలో నడుస్తుంది. పక్కగదిలోంచి వింటే రెండూ కలిసిపోయి ఒకటే అనిపిస్తాయి. దగ్గర కూర్చుని వింటే ఒకచోట కలవడం, ఒకచోట సన్నగా విడిపోవడం తెలుస్తుంది. రాధ 2018లో కన్నుమూశారు. అప్పుడు కూడా "సుప్రభాతంలో రెండో గొంతు ఉందా?" అని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ.

ఈ రికార్డు రాయల్టీని ఎమ్మెస్ టీటీడీ వేదపాఠశాలకు ఇచ్చేశారు. అలా సంపాదించిందంతా ఇస్తూపోయిన ఆ దంపతులు 1970ల చివరికొచ్చేసరికి ఇబ్బందుల్లో పడ్డారు. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనుషులు కారు. అప్పటి టీటీడీ కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె.ప్రసాద్ ఆ ఉదంతాన్ని తన 'నాహం కర్తా హరిః కర్తా' పుస్తకంలో రాసుకున్నారు. దానికి దొరికిన దారే బాలాజీ పంచరత్నమాల. 1980లో మొదలై ఐదు భాగాలుగా వచ్చిన ఆ రికార్డుల కోసం, అరవై దాటిన వయసులో, అంతకుముందు తాను పాడని అన్నమయ్య కీర్తనలెన్నో ఎమ్మెస్ కొత్తగా నేర్చుకున్నారు. నేదునూరి కృష్ణమూర్తి వంటివారు స్వరపరిచిన పాటలు అలా ఇల్లిల్లూ చేరాయి.

చేరాయి... అంటే మొదటి భాగం చేరింది. ఏ పెట్టెలోనైనా చూడండి. మొదటి క్యాసెట్టు అరిగి అరిగి కూనిరాగంలా పాడుతుంది. నాలుగోదీ ఐదోదీ కొత్త పెళ్లికూతుళ్లలా ముసుగు తియ్యకుండా కూర్చుంటాయి. సెట్టు కాబట్టి కొన్నారు. తిరుపతి నుంచి వస్తూ ప్రసాదంతో పాటు తెచ్చుకున్నారు. మొదటిదే పెడుతూ వచ్చారు, ఎందుకంటే అందులోవి అలవాటైన పాటలు. చివరి భాగాలతో మొదలుపెట్టి వెనక్కి వస్తే, ఎమ్మెస్ కొత్త గాయని దొరికినట్టే ఉంటుంది. అరవై ఏళ్ల మనిషి కొత్త పాఠం అప్పజెబుతున్న శ్రద్ధ ప్రతి చరణంలోనూ కనిపిస్తుంది.

నాదస్వరానిది మరీ అన్యాయం. పెళ్లిలో తాళి కట్టే వేళ గట్టిమేళం ఎందుకు? తుమ్ములూ అపశకునపు మాటలూ చెవిన పడకుండా అంటారు పెద్దలు. అంటే ఇంకేదీ వినపడకుండా ఉండటానికి మోగించే వాద్యం అది! ఇక దాన్ని మాత్రం ఎవరు వింటారు? మేళం పిలిపించే స్తోమత లేనివాళ్లూ, పిలిచినా దొరకనివాళ్లూ క్యాసెట్టు కొన్నారు. పందిట్లో మైకు సెట్టువాడు పెట్టాడు. పెళ్లయింది. క్యాసెట్టు పెళ్లి ఆల్బమ్ పక్కన బీరువాలో చేరింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మళ్లీ పెళ్లయ్యేదాకా దానికి పని లేదు.

ఆ అట్ట మీద షేక్ చినమౌలానా పేరుంటే మాత్రం వెంటనే బయటికి తీయాల్సిందే. ఒంగోలు దగ్గర కరవది ఆయన ఊరు. 1924లో పుట్టారు. చిలకలూరిపేటలో నేర్చుకున్నారు. నాదస్వరానికి పుట్టినిల్లయిన తమిళదేశం వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడివాళ్ల చేతనే ఔననిపించుకున్నారు. 1977లో పద్మశ్రీ. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆ మరుసటేడే పోయారు. కరవది నుంచీ చిలకలూరిపేట నుంచీ వచ్చిన ముస్లిం విద్వాంసులు తరతరాలుగా గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ త్యాగరాజ కృతులు వాయిస్తూ వచ్చారు. ఆ పరంపరకంతటికీ ఆయన శిఖరం.

ఆయన రాగాలాపన వినాలంటే ఓపిక కావాలి. మొదటి రెండు నిమిషాలు పెళ్లిపందిరి గుర్తొస్తుంది. జీలకర్రబెల్లం, అక్షింతలు, విస్తళ్లు. ఇది అలవాటు చేసే మాయ. కాసేపు ఆగితే పందిరి మాయమవుతుంది. ఊదే మనిషి ఊపిరి వినిపించడం మొదలవుతుంది. ఒక స్వరం మీద నిలబడి, దాన్ని కాస్త పైకి వంచి, మళ్లీ కిందికి దింపి, ఎక్కడా తెగకుండా... ఇది గొంతు చేసే పనే. మాట ఒక్కటే ఉండదు. డోలు వచ్చాక ఇంకో లోకం. టేప్ రికార్డరు సౌండు సగానికి తగ్గించి వినడం మంచిది. ఆరుబయట వాయించే వాద్యం అది. చిన్న గదిలో పూర్తి సౌండు పెడితే పొరుగువాళ్లు ముహూర్తం ఎప్పుడని అడుగుతారు.

సినిమా క్యాసెట్ల సంగతేమిటి, అవైతే అరిగేలా విన్నారు కదా అని అనొచ్చు. అక్కడ జరిగింది వేరే తమాషా. ఒక్క పాట కోసమే క్యాసెట్టు కొనడం, ఆ పాట దగ్గరికి రివైండ్ చేసి చేసి అక్కడ టేపు నలిగేదాకా వినడం. పైగా అప్పట్లో చాలా క్యాసెట్లు ఒకవైపు ఒక సినిమా, రెండోవైపు ఇంకో సినిమాగా వచ్చేవి. హిట్టయిన సినిమా కోసం కొన్నవాళ్లు తిరగేసి రెండోవైపు పెట్టిందే లేదు. ఆడని సినిమాల్లో మంచి పాటలు అలా ఎన్ని పోయాయో!

పెద్ద హిట్టులో కూడా ఇదే కథ. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. ఆ క్యాసెట్టు లేని ఇల్లుందా? అందరికీ బాలూ పాడిన పాటలే గుర్తు. అందులో తప్పేం లేదు, ఆయనకు జాతీయ అవార్డు తెచ్చిన సినిమా అది. కె.వి.మహదేవన్‌కూ వచ్చింది. కానీ అదే సినిమాకు వాణీజయరామ్‌కు కూడా జాతీయ అవార్డు వచ్చిందంటే "అవునా, ఏ పాటకి?" అంటారు. రామదాసు కీర్తన, సదాశివ బ్రహ్మేంద్రుల కృతి, మైసూరు వాసుదేవాచార్యుల కృతి... ఇవన్నీ ఆ క్యాసెట్టులోనే ఉన్నాయి. ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ కింద నలిగిపోయినవి ఇవే. వాణీజయరామ్‌కు మొత్తం మూడు జాతీయ అవార్డులొస్తే అందులో రెండు తెలుగు పాటలకే. 'శంకరాభరణం', 'స్వాతికిరణం'. రెండూ కె.విశ్వనాథ్ సినిమాలు. 2023లో సరిగ్గా ఫిబ్రవరి 2నే విశ్వనాథ్ పోయారు. రెండు రోజులకు వాణీజయరామ్ కూడా వెళ్లిపోయారు. ఆ వారమంతా టీవీల్లో మోగింది మళ్లీ బాలూ పాటలే.

"ఇవన్నీ ఫోన్లోనే ఉన్నాయి, ఈ డొక్కు క్యాసెట్లు ఎందుకు?" అని ఇంట్లో కుర్రాళ్లు అడుగుతారు. ఉన్నాయి, నిజమే. ఫోన్లో వినడం తేలిక కూడా. వినాల్సింది పాటను గానీ ప్లాస్టిక్ డబ్బాను కాదు కాబట్టి, క్యాసెట్టు చెడిపోతే ఫోన్లోనే వినొచ్చు. ఒక్క తేడా ఉంది. ఫోన్లో నచ్చని పాటను వేలితో తోసెయ్యడం మరీ సులువు. క్యాసెట్టులో తోసెయ్యడానికి కాస్త కష్టపడాలి. ఆ బద్ధకమే చాలాసార్లు మంచి పాటను కాపాడింది. ఒకవైపు ముప్పై నిమిషాలు పూర్తిగా నడిచి, బటన్ టక్కున పైకి లేచేదాకా కదలకుండా కూర్చోవడం అనే పద్ధతి ఫోన్లోనూ పాటించవచ్చు. పాటిస్తారా అన్నదే అనుమానం.

యంత్రం ఇంకా పనిచేస్తున్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. ఏళ్లతరబడి కదలని క్యాసెట్టును తీసిన వెంటనే ప్లే నొక్కకూడదు. టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు తిప్పి, ఒకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేసి, అప్పుడు పెట్టాలి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టనే వద్దు. అది హెడ్డుకీ, దాన్నుంచి మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. హెడ్డునూ రోలర్‌నూ స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవాలి. పాట మొదలవకముందే అదే పాట ఎక్కడో దూరంగా, నీడలా వినిపిస్తే భయపడక్కర్లేదు. పక్క చుట్టు మీది అయస్కాంతపు ముద్ర ఈ చుట్టు మీద పడిందన్నమాట. సౌండు బొంగురుగా, దూరంగా వస్తుంటే టేపు వెనక ఉండే చిన్న మెత్త ఊడిపోయిందేమో చూడాలి. స్క్రూలున్న క్యాసెట్టయితే పనికిరాని మరో దాంట్లోంచి తీసి అతికించుకోవచ్చు. తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల దానికన్నా పల్చన, నూటఇరవై నిమిషాలది మరీ పల్చన. వాటిని మాటిమాటికీ ముందుకూ వెనక్కీ పరిగెత్తించకూడదు.

పెట్టె అడుగున ఇంకో రకం క్యాసెట్లుంటాయి. కంపెనీ అట్ట ఉండదు. బాల్‌పెన్నుతో రాసిన అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. కొన్నిటి మీద అదీ ఉండదు. రికార్డింగ్ షాపులో చీటీ రాసిచ్చి ఎక్కించుకున్న పాటలు కొన్ని. మిగతావి ఇంట్లోవి. అమ్మమ్మ పాడిన మంగళహారతి, పాపాయి మొదటి మాటలు, బారసాల హడావిడి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఇళ్లలోనైతే గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్లు. 1980లలో ఫోను మాట్లాడాలంటే ఖరీదు, ఉత్తరం రాద్దామంటే చదివిపెట్టేవాళ్లు కావాలి. అందుకని అక్కడివాళ్లు ఖాళీ క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవారు. అమ్మా బాగున్నావా, నాయినా మోకాలి నొప్పి ఎలా ఉంది, చెల్లె పెళ్లికి పైసలు పంపుతున్న... ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. అప్పుడు ఒకసారో రెండుసార్లో విన్నారు. తర్వాత వచ్చిన క్యాసెట్టు దాని మీదికి చేరింది.

సుప్రభాతం పాడైతే ఇంకోటి దొరుకుతుంది. గీతకూ శంకరాభరణానికీ లోటు లేదు. ఈ గొంతులకు మాత్రం రెండో ప్రతి ఎక్కడా లేదు. ఇలాంటిది దొరికితే వినబోయే ముందే ఒక పని చేయాలి. క్యాసెట్టు వెనక అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి ఉంటే, పొరపాటున ఎర్ర బటన్ నొక్కుకుపోయినా పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. కొన్నిచోట్ల అవి ఎప్పుడో విరిగిపోయి ఉంటాయి, మళ్లీ రికార్డు చేసుకోవడం కోసం ఆ కన్నం మీద సెల్లోటేపు అంటించి ఉంటుంది. సెల్లోటేపు పీకెయ్యండి. ముక్కలుంటే స్క్రూడ్రైవర్ కొసతో విరిచెయ్యండి. వైరుతో కంప్యూటర్‌కు కలపడం తెలిసిన కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ తర్వాత ప్లే నొక్కండి.